అరిసె బిడ్డకా, వాకర్‌కా?

నమస్కారం అండీ. ఈ వీడియో ఎప్పుడో చెయ్యాల్సింది. మొన్న ఒక బారసాలకు వెళ్లాను. ఇరవై ఒక్క రోజుల పిల్ల, ఇంకా మెడ కూడా నిలవలేదు. ఆ మూల చూస్తే గోడకు ఆనించి మూడు పెద్ద డబ్బాలు. మూడూ వాకర్లే! ఎందుకండీ అంటే ఒకటే మాట: "తొందరగా నడక వస్తుంది కదమ్మా."

రాదు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

(వాకర్‌ను టేబుల్ మీద పెట్టి)

మన పెద్దవాళ్ల లెక్క మీకు తెలుసు. బోర్లా పడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. ఊరిని బట్టి వంటలు మారతాయి, మా అత్తగారి వైపు పాకితే పాయసం కూడా ఉంది. ఏది కొనాలన్నా నేను అడిగే ప్రశ్న ఇక్కడినుంచే వచ్చింది: ఇది కొంటే అరిసె ఎవరికి పెట్టాలి? బిడ్డకా, వస్తువుకా?

ఇప్పుడు వాకర్ చూడండి. బరువంతా ఈ సీటు మోస్తుంది. బిడ్డ మునివేళ్లతో నేలను తంతుంది, అంతే. ట్రే అడ్డం కాబట్టి తన పాదాలు తనకే కనిపించవు. పక్కకు ఒరిగితే సర్దుకోవాల్సిన పని లేదు, ఈ చట్రం పడనివ్వదు. నడక నేర్చుకోవడమంటేనే ఒరగడం, సర్దుకోవడం, దబ్బున కూలబడటం. ఆ పని మొత్తం ప్లాస్టిక్ చేసేస్తోంది. కాబట్టి న్యాయంగా అరిసె వాకర్‌కి పెట్టాలి. గారెలూ దానికే, ఎందుకంటే దోగాడాల్సిన వయసులో పిల్లని ఇందులో వేలాడదీశాం.

ఇది సగమే. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఏమంటుందంటే, వాకర్‌లో ఉన్న బిడ్డ ఒక్క సెకనులో మూడడుగుల దూరానికి పైగా దూసుకుపోతుంది, ప్రమాదాల్లో చాలావరకు పెద్దవాళ్లు చూస్తుండగానే జరుగుతాయి. మా ఇంట్లో సరిగ్గా అదే. నేను రెండు బారల దూరంలో ఉన్నాను. మా పాప టీపాయ్ దగ్గరికి వెళ్లి గుడ్డ పట్టుకుని లాగింది, టీ గ్లాసు తన పక్కనే పడింది. "నేను చూసుకుంటాలే" అన్న ధైర్యం నాకు ఆ రోజే పోయింది. కెనడాలో అయితే 2004 నుంచి వీటిని అమ్మడం, దిగుమతి చేసుకోవడం నిషేధం. వాడినవి అమ్మినా తప్పే.

మరి ఏం కొనాలి? మన మూడు చక్రాల చెక్క బండి. లేచి నిలబడటం బిడ్డ పని, తోయడం బిడ్డ పని, పడటం కూడా బిడ్డ పనే. అరిసెలన్నీ బిడ్డకే! ఒక్క జాగ్రత్త: పట్టుకుని నిలబడటం వచ్చాకే ఇవ్వండి, మీరు పక్కనే ఉండండి, టైల్స్ మీద అది సర్రున జారుతుంది. అంతకుముందు నెలల్లో ఒక బొంత చాలు. నేల మీద పరిచి, మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా పడుకోబెట్టండి. పాకడం ఇంకా రాని పిల్లలకు రోజు మొత్తంలో కనీసం అరగంట అలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లని బలవంతంగా కూర్చోబెట్టే మెత్తటి సీట్లున్నాయి చూశారా, అవీ వాకర్ తమ్ముళ్లే.

ఆవాల దిండు. తల గుండ్రంగా వస్తుందని. ఇక్కడ కామెంట్లలో నన్ను తిడతారని తెలుసు, అయినా చెబుతాను: మొదటి ఏడాది నిద్రలో దిండు వద్దు. గట్టి పరుపు, చదునుగా, వెల్లకిలా. తల ఒకవైపు మరీ అణిగినట్టు కనిపిస్తే డాక్టర్‌కి చూపించండి, దిండు కుట్టించకండి.

ఇప్పుడు నా అరిసెల లెక్క పనిచెయ్యని చోటు. కార్ సీటు. ఇది బిడ్డకేమీ నేర్పదు, పైగా మొదట్లో ఏడిపిస్తుంది. వాకర్ ధరకు నాలుగైదు రెట్లు ఉంటుంది. అయినా నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది దీని మీదే. "ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం కదా" అంటారు. లెక్క చూద్దాం. కారు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి, 10 కిలోల పాప మీ చేతుల్లోంచి దాదాపు 140 కిలోల బరువంత బలంతో ముందుకు పోతుంది. బియ్యం బస్తా ఎత్తలేని మనం దాన్ని ఆపుతామా? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కూడా 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టో, పిల్లల సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అంటుంది. పసిబిడ్డకు సీటు వెనక్కి తిరిగి ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో అలా పెట్టకూడదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. బైకుంటే పిల్లల హెల్మెట్, పిల్లని బండి నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు (సేఫ్టీ హార్నెస్) కొనండి, 9 నెలల నుంచి 4 ఏళ్ల పిల్లలకు 2023 ఫిబ్రవరి నుంచి అవి తప్పనిసరి. పాలు వేడిచేసే మెషిన్ వద్దు, వేణ్ణీళ్ల గిన్నె ఉంది. స్టెరిలైజర్ వద్దు, మూతున్న గిన్నెలో పది నిమిషాలు మరిగిస్తే చాలు. ఉగ్గుగిన్నె కొనండి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆసుపత్రుల్లోనూ ఇలాంటి గిన్నెతో పాలు పడతారు. స్ట్రోలర్ కొనేముందు మీ వీధిలో ఒకసారి నడిచి రండి, ఫుట్‌పాత్ కనిపిస్తే కొనండి.

ఈ వాకర్ కావాలా అని అడగొద్దు, ఎవరికీ ఇవ్వను. షూటింగ్ అవ్వగానే చక్రాలు ఊడదీస్తున్నాను. ఈ వాకర్ ఇచ్చిన బాబాయ్, మీరు ఈ వీడియో చూస్తుంటే, పాప అరిసెలు పార్సిల్ చేశాను, రేపటికి అందుతాయి.