కత్తెర పురుగు: మందు కొనే ముందు సుడి చూడండి

రైతు సోదరులకు, అక్కాచెల్లెళ్లకు నమస్కారం.

మొక్కజొన్నను పీడిస్తున్న కత్తెర పురుగు మన నేలది కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. 2016లో ఆఫ్రికాలో బయటపడింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గలో మన దేశంలో తొలిసారి కనిపించింది. అదే ఏడాది మన రెండు రాష్ట్రాల చేలకూ వచ్చేసింది. రెక్కల పురుగు ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్ల దాకా ఎగరగలదు. అందుకే మన చేనొక్కటే కాపాడుకుంటే చాలదు, ఊరంతా ఒకేసారి విత్తుకోవాలి.

గుర్తుపట్టడం తేలికే. తల మీద తిరగేసిన వై అక్షరం, తోక దగ్గర చతురస్రంగా నాలుగు నల్లటి చుక్కలు ఉంటాయి. కానీ అవి స్పష్టంగా కనిపించే నాటికి పురుగు ఎదిగిపోయి ఉంటుంది. మీ చూపు అంతకంటే ముందే పడాలి. మొలకెత్తిన వారం నుంచి వారానికి రెండుసార్లు చేలో తిరగండి. ఆకు మీద బూడిద రంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద కనిపిస్తే అక్కడికక్కడే నలిపేయండి. ఒక్కో ముద్దలో వందకు పైగా గుడ్లుంటాయి. పైసా ఖర్చు లేదు.

ఆకు మీద పచ్చదనం పోయి కాగితంలాంటి తెల్లటి మచ్చలు కనిపిస్తే పిల్ల పురుగులు గోకుతున్నట్టు. అప్పుడు 5 శాతం వేప గింజల కషాయం సరిపోతుంది. ఆ అదను దాటితే పురుగు మొక్క నడుమ లేత ఆకులు చుట్టుకుని ఉండే సుడిలోకి దూరి, రంపపు పొట్టులాంటి రెట్టతో దారి మూసేస్తుంది. పైపైన కొట్టిన మందు దానిని తాకదు. మందు పనిచేయలేదని రెండు మూడు కలిపి కొట్టే రైతును చూస్తే నాకు బాధేస్తుంది. అప్పు పెరుగుతుంది, పురుగు మిగులుతుంది. ఈ దశలో లీటరు నీటికి ఇమామెక్టిన్ బెంజోయేట్ 0.4 గ్రాములు కలిపి, సాయంత్రం పూట నాజిల్‌ను సుడిలోకి వంచి కొట్టండి. మళ్లీ అవసరమైతే మందు మార్చి లీటరు నీటికి స్పైనటోరం 0.5 మిల్లీలీటర్లు వాడండి.

వాన ముసురు రోజుల్లో ఆకులకు అతుక్కుని, తెల్లగా బిగుసుకుపోయిన పురుగులు కనిపిస్తాయి. తర్వాత అవి లేత ఆకుపచ్చగా మారతాయి. వాటిని చంపింది మెటారైజియం రైలీ అనే శిలీంధ్రం. అలాంటివి విరివిగా ఉంటే కొన్నాళ్లు మందు ఆపండి, అది మీ పని చేసిపెడుతోంది.

కండె పట్టాక మాత్రం రసాయనాల జోలికి వెళ్లకండి. పురుగులను చేత్తో ఏరేయండి. ఆ కండెలు మన పిల్లలు తింటారు, ఆ చొప్ప మన పశువులు మేస్తాయి.