బరువు మారితే నెలసరి ఎందుకు తప్పుతుంది? – డాక్టర్‌తో ఫోన్-ఇన్

యాంకర్: హలో, చెప్పండమ్మా, డాక్టర్ గారు లైన్లోనే ఉన్నారు.

శ్రోత: నమస్తే మేడమ్. మా అమ్మాయికి 22 ఏళ్లు, ఎత్తు 162 సెంటీమీటర్లు. నాలుగు నెలల్లో 56 కిలోల నుంచి 47కి దిగింది. రోజూ పరుగెడుతుంది. మూడు నెలలుగా నెలసరి లేదు. గర్భనిరోధక మాత్రలు వేస్తే వచ్చేస్తుందంటున్నారు.

డాక్టర్: మాత్రల సంగతి తర్వాత చూద్దామమ్మా. రోజుకు ఎంత తింటోంది?

శ్రోత: ఫోన్‌లో రాసుకుంటుందండీ. 1,200 కేలరీలట.

డాక్టర్: పరుగుకి 500 పోతాయనుకోండి, మిగిలేది 700. కొవ్వు తీసేస్తే ఆమె బరువు సుమారు 38 కిలోలు ఉంటుంది. అంటే కిలోకు 18 కేలరీలే. 45 దగ్గర ఉండాలి. 30 కిందికి దిగితే చాలామందిలో మెదడు పొదుపు మొదలుపెడుతుంది. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ కూడా తగ్గిపోయేసరికి, మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి పంపే సంకేతాలు నెమ్మదిస్తాయి. అండాశయాలను పనిచేయించే ఎల్‌హెచ్ హార్మోన్ పడిపోతుంది, అండం పెరగదు, ఈస్ట్రోజన్ తయారవదు. అండాశయాలు బాగానే ఉన్నా పైనుంచి కబురు రాదు.

శ్రోత: మరి మాత్రలతో వస్తుంది కదండీ?

డాక్టర్: అది మాత్ర ఆపినందుకు వచ్చే రక్తస్రావం, నెలసరి కాదు. బాగైపోయిందనుకుని ఊరుకుంటారు, లోపల ఎముకలు మాత్రం పలచబడుతూనే ఉంటాయి. ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించండి, మొహమాటం వద్దు, ఎవరికైనా మొదట చేసేది అదే. తర్వాత టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్ అనే హార్మోన్ల రక్త పరీక్షలు. జుట్టుకని బయోటిన్ విటమిన్ వాడుతుంటే రెండు మూడు రోజుల ముందే ఆపాలి, లేకపోతే రిపోర్టు తప్పు రావచ్చు. తిండి రోజుకు 300 నుంచి 500 కేలరీలు పెంచి, పరుగు తగ్గించమనండి. బరువు తిరిగొచ్చాక కూడా నెలసరికి కొన్ని నెలలు పట్టొచ్చు. తినడానికే భయపడుతుంటే మాత్రం మానసిక వైద్యులకు చూపించాలి.

యాంకర్: ఇంకో కాల్. చెప్పండి.

శ్రోత: డాక్టర్ గారూ, నేను 82 కిలోలు, 158 సెంటీమీటర్లు. నెలసరి 55 రోజులకోసారి వస్తుంది. కొవ్వుంటే ఈస్ట్రోజన్ ఎక్కువే అంటారు, మరి అండం ఎందుకు రాదు? 21వ రోజు ప్రొజెస్టిరాన్ కూడా తక్కువొచ్చింది.

డాక్టర్: కొవ్వులోని అరోమటేజ్ అనే ఎంజైమ్ పురుష హార్మోన్లను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది, నిజమే. అయితే అది ఎప్పుడూ ఒకే మట్టంలో ఉంటుంది. అండం విడుదలకు ఎగుడుదిగుడు కావాలమ్మా. పైగా ఇన్సులిన్ పెరిగి అండాశయాలతో టెస్టోస్టిరాన్ ఎక్కువ చేయిస్తుంది. దాన్ని పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీన్‌ను కాలేయం తక్కువ చేస్తుంది. అందుకే మొత్తం టెస్టోస్టిరాన్ మామూలుగా కనిపించినా, విడిగా తిరిగేది పెరిగి గడ్డం మీద వెంట్రుకలొస్తాయి.

ఇక ప్రొజెస్టిరాన్ అండం విడుదలయ్యాక పెరిగే హార్మోన్, దాన్ని నెలసరికి వారం ముందు చూడాలి. ఆ 21వ రోజు పరీక్ష 28 రోజుల చక్రానికి సరిపోతుంది. మీకు 48వ రోజు దగ్గర చేసి, నెలసరి వచ్చేదాకా వారానికోసారి మళ్లీ చూడాలి. మిల్లీలీటరుకు 3 నానోగ్రాములు దాటితే అండం వచ్చినట్టే. 90 రోజులైనా రక్తం కనపడకపోతే ఆగకండి, గర్భాశయం లోపొర మందమైపోతుంది. ప్రొజెస్టిరాన్ మాత్రలతో దాన్ని రాల్చాలి. బరువు 5 శాతం, అంటే మీకు నాలుగు కిలోలు తగ్గినా అండం మొదలవ్వొచ్చు.

శ్రోత: పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటున్నామండీ.

డాక్టర్: అయితే బరువు తగ్గడం మొదలవగానే జాగ్రత్త పడండి. నెలసరి కనపడటానికి రెండు వారాల ముందే అండం వచ్చేసి ఉంటుంది.