ఇల్లు ఎవరు చూపిస్తారు, ఎవరికి చూపిస్తారు

శ్రోతలందరికీ నమస్కారం.

అమెరికాలో షికాగో నగరానికి పడమటి అంచున ఓక్ పార్క్ అని ఒక చిన్న ఊరుంది. షికాగోకీ దానికీ మధ్య పొలాలు లేవు, ఏరు లేదు. ఆస్టిన్ బౌలివార్డ్ అనే ఒక్క రోడ్డు ఉంది. రోడ్డుకి ఇటు షికాగో, అటు ఓక్ పార్క్. విస్తీర్ణం పన్నెండు చదరపు కిలోమీటర్లు. 2010 జనాభా లెక్కల్లో 51,878 మంది. రచయిత హెమింగ్వే పుట్టిందీ, వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఇల్లు కట్టుకుందీ అక్కడే. టూరిస్టులు వాటికోసమే వెళ్తారు. నేను ఇవాళ మాట్లాడబోయేది మాత్రం ఆ ఊళ్లో ఎవరెవరు ఉంటారు, వాళ్లు అక్కడికి ఎలా వచ్చారు అన్న సంగతి.

మూడు నాలుగు అంకెలు చెప్తాను, గుర్తుంచుకోండి. 1970లో ఓక్ పార్క్‌లో 100 మందిని లెక్కపెడితే అందులో ఒక్క నల్లజాతి మనిషి కూడా లేడు. 1980కి 11 మంది. 1990కి 18 మంది. 2000 నాటికి 22 మంది. నెమ్మదిగా, పదేళ్లకి కొంచెం, పదేళ్లకి కొంచెం. ఇక రోడ్డు అవతల, షికాగోలోని ఆస్టిన్ పేట చూడండి. 1960లో దాదాపు అందరూ తెల్లవాళ్లే. 1980 వచ్చేసరికి ఎక్కువమంది నల్లవాళ్లు, తెల్లవాళ్లు చాలావరకు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఒకే రోడ్డు. ఒకే కాలం. ఇటు అలా, అటు ఇలా. ఎందుకని?

దీనికి జవాబు చెప్పే ముందు ఒక మనిషి కథ చెప్పాలి. నాకు చాలా ఇష్టమైన మనిషి. పెర్సీ జూలియన్.

1899లో అలబామా రాష్ట్రంలో పుట్టాడు. తాత బానిస. డిపావ్ యూనివర్సిటీలో చేరితే హాస్టల్లో గది ఇవ్వలేదు. అదే యూనివర్సిటీ నుంచి 1920లో క్లాసులో మొదటివాడిగా బయటికొచ్చాడు. డాక్టరేట్ కోసం వియన్నా దాకా వెళ్లి, 1931లో పట్టా తెచ్చుకున్నాడు. కంటిజబ్బు గ్లకోమాకి అప్పట్లో వాడిన ఫైసోస్టిగ్మిన్ అనే మందుని 1935లో ప్రయోగశాలలో తయారుచేసి చూపించాడు. తర్వాత షికాగోలో గ్లిడెన్ అనే రంగుల కంపెనీలో చేరి, సోయా గింజల మీద పని చేశాడు. సోయా నుంచి హార్మోన్లు తయారుచేశాడు, కీళ్లవాతానికి వాడే కార్టిజోన్ అనే మందు చవకగా తయారవడానికి దారి వేశాడు. కీళ్లవాతంతో మంచం పట్టిన ఎంతోమంది లేచి నడిచారంటే అందులో ఈయన చెయ్యి ఉంది. 1950లో షికాగో సన్-టైమ్స్ పత్రిక ఈయన్ని ఆ ఏటి మేటి షికాగో పౌరుడిగా ఎంచింది.

అదే 1950లో ఆయన ఓక్ పార్క్‌లో ఇల్లు కొన్నాడు. భార్య ఆనా కూడా డాక్టరేట్ చేసిన మనిషే, సోషియాలజీలో. ఇద్దరు పిల్లలు. చెట్లున్న వీధి, పెద్ద ఇల్లు. ఏ తండ్రి అయినా పిల్లల కోసం కోరుకునే ఇల్లు.

ఇంకా సామాను దింపలేదు. నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగ రోజుల్లో, ఎవరో ఆ ఖాళీ ఇంటిని తగలబెట్టబోయారు. ఇల్లు నిలబడింది. జూలియన్ కుటుంబం వెనక్కి తగ్గలేదు, వచ్చి చేరింది. 1951 జూన్ 12. తల్లిదండ్రులు ఊళ్లో లేరు, పిల్లలు ఇంట్లో ఉన్నారు. రాత్రి వీధిలో వెళ్తున్న కారులోంచి ఎవరో డైనమైట్ విసిరారు. అది పిల్లలు పడుకునే గది కిటికీ దగ్గర పేలింది. పిల్లలకి దెబ్బలు తగల్లేదు.

ఆ తర్వాత చాలా రాత్రులు జూలియన్ తుపాకి పట్టుకుని ఇంటి ఆవరణలో ఒక చెట్టెక్కి కాపలా కూర్చునేవాడు. పక్కన పదకొండేళ్ల కొడుకు. నాన్న పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవడం బాగుండేదని ఆ కొడుకు పెద్దయ్యాక గుర్తుచేసుకున్నాడు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ప్రపంచానికి మందు చేసి పెట్టిన శాస్త్రవేత్త, పగలంతా ల్యాబులో పని, రాత్రి చెట్టు మీద కాపలా. ఆ ఊళ్లోనే కొందరు తెల్లవాళ్లు ఆయనకి అండగా కమిటీగా ఏర్పడ్డారు. ఆయన అక్కడే ఉండిపోయాడు. 1975లో పోయేదాకా ఉన్నాడు. ఇప్పుడు ఊళ్లో ఒక బడికి ఆయన పేరుంది.

ఇప్పుడు ఆ అంకెల దగ్గరికి వద్దాం. జూలియన్ వచ్చాక ఇరవై ఏళ్లకి కూడా 100కి ఒక్కరు లేరన్నాను కదా. మంచివాళ్లు లేకనా? ఉన్నారు. కానీ ఒక ఊళ్లో ఎవరుంటారన్నది మంచితనంతో మాత్రమే తేలదు. ఇల్లు ఎవరు చూపిస్తారు, ఎవరికి చూపిస్తారు, అక్కడ తేలుతుంది.

ఆస్టిన్‌లాంటి పేటల్లో జరిగింది ఇది. వీధిలో ఒక్క నల్ల కుటుంబం ఇల్లు కొంటుంది. వెంటనే ఏజెంట్లు మిగతా ఇళ్ల తలుపులు కొడతారు. 'మీ వీధి మారిపోతోంది, ధర పడిపోతుంది, ఇప్పుడే అమ్ముకోండి' అని భయపెడతారు. తెల్లవాళ్లు టెన్షన్ పడి వచ్చిన రేటుకి అమ్మేస్తారు. అదే ఇల్లు ఏజెంట్లు నల్లవాళ్లకి రెట్టింపు ధరకి అమ్ముతారు. నల్లవాళ్లకి బ్యాంకులు లోన్ ఇవ్వవు కాబట్టి వాయిదాల కాంట్రాక్టు. ఒక్క వాయిదా తప్పినా ఇల్లు పోయినట్టే, కట్టిన డబ్బూ పోయినట్టే. రెండువైపులా జనం నష్టపోయారు, మధ్యలో ఏజెంట్లు బాగుపడ్డారు. వీధి తర్వాత వీధి ఇలా ఖాళీ అయింది.

ఓక్ పార్క్ దీన్ని కళ్లారా చూసింది. 1968 ఏప్రిల్‌లో దేశం మొత్తానికి ఇళ్ల వివక్షని నిషేధించే చట్టం వచ్చింది, మే నెలలో ఊరు తన సొంత చట్టం చేసుకుంది. 1972లో రొబర్టా రేమండ్ అనే ఆ ఊరి మహిళ హౌసింగ్ సెంటర్ ఒకటి మొదలుపెట్టింది. ఆవిడ చేసిన పని చూడండి, ఎంత మామూలు పనో. అద్దె ఇల్లు కావాలని ఎవరైనా వస్తారు. కూర్చోబెట్టి బడ్జెట్ అడుగుతారు, ఎన్ని గదులు కావాలో అడుగుతారు. ఆస్టిన్ రోడ్డు దగ్గర ఫ్లాట్లని తెల్లవాళ్లు వద్దనుకునేవారు. వాళ్లకి కావాలనే అవి కూడా చూపించేవారు. నల్లవాళ్లు ఆ రోడ్డు పక్కనే వెతుక్కునేవారు. వాళ్లకి ఊరి నడిమధ్య, పడమటి వైపు ఇళ్లు కూడా చూపించేవారు. బలవంతం లేదు. నచ్చింది తీసుకోవచ్చు. కానీ చూపించడం మాత్రం తప్పనిసరి. ఏ వీధీ ఒక్క రంగు వాళ్లతో నిండిపోకూడదని ఏళ్ల తరబడి ఇదే పని, రోజూ ఇదే పని.

ఊరు కూడా తోడు నిలిచింది. 1975లో కొత్త విలేజ్ హాల్‌ని, అంటే ఊరి పాలన ఆఫీసుని, ఆస్టిన్ వైపు, అందరూ భయపడే తూర్పు భాగంలో కట్టింది. 1978లో ఇంటి ధరకి హామీ పథకం పెట్టింది: అయిదేళ్లు ఉండి అమ్మితే నష్టం వచ్చిందా, అందులో ఎక్కువ భాగం మేమిస్తాం అని. ఆ పథకంలో చేరింది తక్కువమందే. అయినా ఆ హామీ ఉండడమే ధైర్యమిచ్చింది.

అంతా బాగుందని నేను అనను. నల్లవాళ్లు ఎక్కడెక్కడ ఉండాలో మీరు లెక్కలు వేస్తారా అని అడిగినవాళ్లున్నారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. ఇప్పుడక్కడ ఇళ్ల ధరలూ పన్నులూ పెరిగిపోయాయి, 2020 లెక్కల్లో నల్లజాతివారి వాటా కాస్త తగ్గింది. ధర అనే గోడని ఆ హౌసింగ్ సెంటర్ ఒక్కటే కూల్చలేదు. అయినా, వదిలేస్తే ఆస్టిన్‌కి ఏమైందో చూశాం కాబట్టి, నా మటుకు నేను రొబర్టా రేమండ్ పక్షమే.

ఇదంతా ఎవరికోసం చెప్తున్నానంటే, అమెరికాలో ఇల్లు వెతుక్కుంటూ ఈ ప్రసంగం వింటున్న తెలుగు కుటుంబాల కోసం. షికాగో దగ్గర నేపర్‌విల్, అరోరా అయినా, డాలస్ దగ్గర ఫ్రిస్కో అయినా, న్యూజెర్సీలో ఎడిసన్ అయినా, మనం ఏజెంటుని అడిగే మొదటి ప్రశ్న ఒకటుంటుంది: 'మనవాళ్లు ఎక్కువ ఉన్న ఏరియా ఏది?' ఏజెంటు నవ్వి మాట మార్చేస్తారు. మర్యాద లేక కాదు. 1968 చట్టం ప్రకారం జాతిని బట్టి, మతాన్ని బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి కొనేవాళ్లని ఒక ఏరియా వైపు మళ్లించకూడదు. అందుకే ఆ మాట జోలికి వెళ్లరు. మన ఏజెంటు తెలుగువాడే అయినా చట్టం అదే.

అలాగే ఎదురు కూడా. మీ బడ్జెట్ చెప్పాక, 'మీ ఇండియన్స్ అంతా అక్కడుంటారు, మీకు అదే బాగుంటుంది' అని ఒక్కవైపే తిప్పుతుంటే, అది మీకు చేస్తున్న సాయం కాదు, చట్టం ఒప్పుకోని పని. కేంద్ర గృహనిర్మాణ శాఖకి, హెచ్‌యూడీ అంటారు, ఏడాది లోపల ఫిర్యాదు చెయ్యొచ్చు. దానికి డబ్బు కట్టక్కర్లేదు.

కాబట్టి ఒక చిన్న మార్పు చేసుకోండి. ఏ పేటలో ఎవరున్నారో తెలుసుకోవాలంటే సెన్సస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మీరే చూసుకోండి. ఏజెంటుని మాత్రం ఇలా అడగండి: 'మా బడ్జెట్ ఇంత, ఇన్ని గదులు కావాలి, ఆఫీసుకి అరగంట లోపు ఉండాలి. ఇందులో ఉన్న ఇళ్లన్నీ చూపించండి, ఏ వీధిలో ఉన్నా సరే.' ఈమెయిల్లో రాసి పంపితే ఇంకా మంచిది. రేపు వాళ్లు ఏం చూపించారో, ఏం వదిలేశారో మీ దగ్గర రాతపూర్వకంగా ఉంటుంది.

సెలవు. నమస్కారం.