జిగురు ఆవిరి పట్టాక రంగు వేయడం: నునుపు వస్తువుల మీద వేలిముద్రలు

అందరికీ నమస్కారం.

గాజు, లోహం, ప్లాస్టిక్, పాలిథీన్ సంచి లాంటి తేమ పీల్చని వస్తువుల మీద కంటికి కనిపించని వేలిముద్రలను ఫ్లోరెసెంట్ రంగులతో, అంటే తగిన వెలుతురు పడితే మెరిసే రంగులతో, ఎలా పైకి తేవాలో ఇవాళ మాట్లాడుకుందాం. ముందే ఒకటి తేల్చుకోవాలి. ఈ రంగులు పట్టుకునేది వేలిముద్రను కాదు. సూపర్‌గ్లూ ఆవిరి ఆ ముద్ర గీతల మీద పేర్చిన తెల్లని పాలిమర్‌ను, అంటే గట్టిపడిన జిగురు పొరను. ఆ పొర సరిగా ఏర్పడకపోతే ఎంత ఖరీదైన రంగు పోసినా లాభం లేదు. కాబట్టి రంగు పట్టలేదని అనిపిస్తే, రంగు సీసాను కాదు, ముందు ఫ్యూమింగ్ చాంబర్‌ను, అంటే వస్తువుకు జిగురు ఆవిరి పట్టించే మూసిన పెట్టెను, అనుమానించండి.

చాంబర్‌లో గాలి తేమ 80 శాతం దగ్గర ఉండాలి. జిగురును సుమారు 120 డిగ్రీల సెల్సియస్‌కు వేడి చేస్తాం. ఆ తేమలో పాలిమర్ దూది పోగుల్లా అల్లుకుంటుంది. రంగు అణువులు ఆ పోగుల మధ్య చిక్కుకుని నిలుస్తాయి. తేమ తక్కువైతే పాలిమర్ చదునుగా పరుచుకుంటుంది, రంగు నిలవదు, కడగగానే పోతుంది. వేడి మాత్రం హద్దు దాటనివ్వకండి. 200 డిగ్రీలు దాటితే జిగురు నుంచి హైడ్రోజన్ సయనైడ్ వెలువడే ప్రమాదం ఉంది.

చాంబర్‌లో ఒక నల్లని ప్లాస్టిక్ ముక్క మీద తాజా వేలిముద్ర వేసి పెట్టండి. దాని గీతలు తెల్లగా కనబడటం మొదలవగానే ఆవిరి ఆపేయండి. ఇంకాస్త గట్టిగా తేలుతుందేమోనని ఆగితే గీతల మధ్య సందులు కూడా నిండిపోతాయి. తక్కువ పట్టిన వస్తువుకు మళ్లీ ఆవిరి పెట్టవచ్చు. ఎక్కువ పట్టినదాన్ని వెనక్కి తీసుకురాలేం. రంగు వేయాలనే ఉద్దేశం ఉంటే కొంచెం తక్కువలో ఆపడమే మేలు.

రంగు వేసేముందు రెండు పనులు ఉన్నాయి. తెల్లగా తేలిన ముద్రలకు ఫొటోలు తీయాలి. డీఎన్ఏ నమూనా కావాలంటే అది అంతకన్నా ముందే సేకరించి ఉండాలి, ఎందుకంటే రంగు ద్రావణం, కడిగే నీరు దాన్ని తీసుకుపోవచ్చు.

ఇక రంగు సంగతి. బేసిక్ ఎల్లో 40 కలపడం తేలిక. లీటరు ఇథనాల్‌లో 2 గ్రాములు వేసి పూర్తిగా కరిగేదాకా కలపాలి. వస్తువును ద్రావణంలో ముంచండి, లేదా వాష్ బాటిల్‌తో పైనుంచి జారేలా పోయండి. ఒక నిమిషం చాలు. తర్వాత మెల్లగా పారే చల్లని నీటి కింద, రంగు దిగడం ఆగేదాకా కడగండి. గుడ్డతో తుడవకండి, దానంతట అదే ఆరాలి. ఊదా-నీలం వెలుతురులో, అంటే 415 నుంచి 485 నానోమీటర్ల మధ్య, పసుపు కళ్లద్దాలతో చూస్తే గీతలు పసుపు-ఆకుపచ్చగా మెరుస్తాయి.

రెండో రంగు రోడమైన్ 6జీకి కాస్త ఓపిక కావాలి. మొదట లీటరు మెథనాల్‌లో 1 గ్రాము కరిగించి నిల్వ ద్రావణం చేసుకోవాలి. అందులోంచి 3 మిల్లీలీటర్లు తీసుకుని, 15 మిల్లీలీటర్ల అసిటోన్, 10 మిల్లీలీటర్ల అసిటోనైట్రైల్, 15 మిల్లీలీటర్ల మెథనాల్, 32 మిల్లీలీటర్ల ఐసోప్రొపనాల్, చివరికి 925 మిల్లీలీటర్ల పెట్రోలియం ఈథర్ ఇదే వరుసలో కలపాలి. చాలావరకు పెట్రోలియం ఈథరే కనుక త్వరగా ఆరుతుంది. దీన్ని ఆకుపచ్చ వెలుతురులో, నారింజ కళ్లద్దాలతో చూడాలి. ఈ ద్రావకాలన్నీ మండేవే, మెథనాల్ విషం కూడా. గ్లవ్స్, ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి. స్ప్రే చేయకండి, తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రంగు కూడా సమంగా పడదు.

రెండింటిలో ఏది వాడాలన్నది మన అలవాటు కాదు, వస్తువు తేలుస్తుంది. రంగు వేయకముందే దాన్ని చీకట్లో అన్ని వెలుతురుల కిందా చూడండి. నీలం వెలుతురులో ప్లాస్టిక్ తనంతట తానే మెరిస్తే బేసిక్ ఎల్లో ముద్ర ఆ మెరుపులో కలిసిపోతుంది, అప్పుడు రోడమైన్ వైపు వెళ్లాలి. ఆకుపచ్చ వెలుతురులో అచ్చుసిరా మెరిస్తే ఎల్లో వైపు రావాలి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే.

మార్కర్ రాతలు, వార్నిష్, కొన్ని పెయింట్లు ఆల్కహాల్‌కు కరుగుతాయి. ముద్ర లేని మూల చిన్న చుక్క వేసి చూడండి, కరిగితే నీటి ఆధారిత ద్రావణం వాడండి. తేమ పీల్చే అట్టపెట్టె మీద రంగు లోపలికి ఇంకి మొత్తం వెలుగుతుంది, ముద్ర కనిపించదు. నునుపు వస్తువే అయినా ఒళ్లంతా మెరుస్తుంటే కడగడం చాలలేదని అర్థం. మొదట మళ్లీ నీటితో కడగండి. మొండిగా ఉంటే మెథనాల్‌తో క్షణకాలం, అంతే. ఎక్కువసేపైతే గీతల్లోని రంగూ పోతుంది.

ఫొటో దగ్గర జరిగే తప్పు మరొకటి. కళ్లద్దాలకున్న ఫిల్టరే లెన్స్‌కూ ఉండాలి. లేకపోతే మెరుపుకు బదులు దీపం వెలుతురే ఫొటో నిండా నిండుతుంది. ఆటో ఎక్స్‌పోజర్ నల్లని నేపథ్యాన్ని చూసి మోసపోయి గీతలను తెల్లగా కాల్చేస్తుంది, మాన్యువల్‌లోనే తీయండి. కెమెరా ఉపరితలానికి సమాంతరంగా, పక్కన స్కేలుతో, అంగుళానికి కనీసం 1000 పిక్సెళ్లు వచ్చేలా ఉండాలి.

ఇప్పుడు బల్ల మీదున్న నమూనాలు చూద్దాం. అందరూ కళ్లద్దాలు పెట్టుకున్నాకే దీపం వెలిగిస్తాను.