పూతలోనే తోట బేరం: అమెరికా హైస్కూల్ ఫుట్‌బాల్ మేటి ఆటగాళ్లు తర్వాత ఏమయ్యారు?

నమస్కారం. ఈ వీడియో కాస్త కోపంతో చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నాను.

పాత మేటి ఆటగాళ్ల 'పతనం' వీడియోలు మీరూ చూసే ఉంటారు. బొమ్మలో ఎడమవైపు పదిహేడేళ్ల కుర్రాడు, చేతిలో ట్రోఫీ. కుడివైపు అదే మనిషి నలభయ్యో ఏట, కొద్దిగా పొట్టతో. మధ్యలో ఒక ఎర్ర బాణం. కింద పెద్ద అక్షరాలతో, "అప్పట్లో దేశానికే మేటి, ఇప్పుడు చూస్తే గుండె తరుక్కుపోతుంది!" ఎందుకు తరుక్కుపోవాలి? ఆయన ఒక బడిలో శిక్షకుడిగా ఉద్యోగం చేసుకుంటున్నాడు. పొట్ట రావడం పతనమైతే మా వీధిలో నాతో సహా నిలబడ్డవాడు ఒక్కడూ లేడు.

నేను చెబుతున్నది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. ఆ ఆట ఎలా ఆడతారో ఇక్కడ చెప్పను. నా గొడవ అవార్డుతో. అక్కడ హైస్కూల్ కుర్రాళ్లకు జాతీయ స్థాయి బహుమతులు ఉన్నాయి. గేటరేడ్ అనే పానీయాల కంపెనీ 1985-86 నుంచి ఏటా ఒకరిని దేశంలో మేటి ఆటగాడిగా ఎంచుతోంది. యూఎస్ఏ టుడే, పెరేడ్ పత్రికలు కూడా ఎంపికలు చేసేవి. ఇవి కాక రాష్ట్రాల వారీగా 'మిస్టర్ ఫుట్‌బాల్' బిరుదులు. అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, ఈ అవార్డును జాతకంలా చదవడం.

[తెరపై: మామిడి కొమ్మ, నిండా పూత]

నూజివీడు వైపు మామిడి తోటల బేరం ఎలా జరుగుతుందో తెలిసినవాళ్లకు నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. కాయ పడకముందే, పూత మీదే వ్యాపారి వచ్చి తోట మొత్తం గుత్తకు మాట్లాడేసుకుంటాడు. అతను కొనేది పండును కాదు, పూతను. ఒక్కో గుత్తిలో వందల పూలుంటాయి, చివరికి నిలిచేది ఒకటో రెండో కాయలు. మధ్యలో మంచు పడుతుంది, తేనెమంచు పురుగు వస్తుంది, ఈదురుగాలి వీస్తుంది. ఇవన్నీ తెలిసే బేరం ఆడతాడు. పూత బాగుందని మెచ్చుకుంటే అది అబద్ధమూ కాదు. పూత నిజంగానే బాగుంది మరి!

హైస్కూల్ అవార్డు ఆ మెచ్చుకోలు. అంతే.

లెక్క కూడా చెబుతాను. అమెరికాలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడేవాళ్లు సుమారు 10 లక్షల మంది. వాళ్లలో ఎన్‌సీఏఏ అనే కాలేజీ క్రీడల సంస్థ కింద ఆడే జట్ల దాకా వెళ్లేది నూటికి ఏడుగురు. ఆ ఏడుగురి లాంటివాళ్లను మళ్లీ వందమందిని పోగుచేస్తే, ఎన్ఎఫ్ఎల్ అనే వృత్తి ఫుట్‌బాల్ లీగ్ జట్లు ఏటా జరిగే ఎంపికలో తీసుకునేది ఇద్దరిని కూడా కాదు. అవార్డు వచ్చినవాడికి అవకాశం వీళ్లకంటే చాలా ఎక్కువే. కానీ మంచు పడేటప్పుడు పూత అందాన్ని చూసి ఆగదు కదా.

పూతంతా పండైన సందర్భాలూ ఉన్నాయి, దాచను. 1986-87 గేటరేడ్ విజేత ఎమిట్ స్మిత్ ఎన్ఎఫ్ఎల్‌లో 18,355 గజాలు పరుగెత్తాడు, ఆ రికార్డును ఇంకా ఎవరూ దాటలేదు. 1993-94 విజేత, తర్వాత ఎన్ఎఫ్ఎల్ దిగ్గజమైన పేటన్ మానింగ్. వీళ్లిద్దరి పేర్లు చెప్పి అందరూ వీడియో ముగిస్తారు. నాకు ఆసక్తి మిగతా కొమ్మల మీద.

[తెరపై: గారెట్ గిల్బర్ట్ పేరు, 2008-09]

టెక్సస్‌లో లేక్ ట్రావిస్ అనే బడి. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ జట్టు దాడిని నడిపేవాడు, గారెట్ గిల్బర్ట్, రెండేళ్లు వరుసగా రాష్ట్ర ఛాంపియన్. గేటరేడ్ అవార్డు వచ్చింది, టెక్సస్ విశ్వవిద్యాలయం తీసుకుంది. మొదటి ఏడాది కనుక పక్కన కూర్చుని నేర్చుకోవడమే పని. 2010 జనవరి 7, జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్, ఎదుట అలబామా. ఆట మొదలైన కాసేపటికే సీనియర్ కోల్ట్ మెకాయ్ భుజానికి దెబ్బ తగిలింది. కుర్రాణ్ని లోపలికి పంపారు. ఊహించండి. ఇంకా పిందె కూడా కట్టలేదు, అప్పుడే గాలివాన. బంతి విసిరి రెండు టచ్‌డౌన్లు, అంటే పెద్ద స్కోర్లు, చేయించాడు, నాలుగు బంతులు ప్రత్యర్థుల చేతికి ఇచ్చాడు. టెక్సస్ 37-21తో ఓడింది. మరుసటి ఏడాది అతనే ప్రధాన క్వార్టర్‌బ్యాక్, జట్టుకు ఐదు గెలుపులు, ఏడు ఓటములు. ఆ తర్వాత భుజానికి శస్త్రచికిత్స, కాలేజీ మార్పు.

ఎర్ర బాణం వీడియోలు ఇక్కడే ఆగిపోతాయి. వాటిని తీసినవాళ్లకు ఇంకో పది నిమిషాలు చదివే ఓపిక లేదు.

గారెట్ తండ్రి గేల్ గిల్బర్ట్ కూడా క్వార్టర్‌బ్యాకే, ఎప్పుడూ బెంచీ మీద ఉండే రకం. బఫలో జట్టుతో వరుసగా నాలుగు సూపర్ బౌల్స్‌కు, అంటే ఎన్ఎఫ్ఎల్ ఫైనళ్లకు, వెళ్లాడు, నాలుగూ ఓటమే. ఐదో ఏడు శాన్ డియెగో జట్టుకు మారాడు, అదీ సూపర్ బౌల్‌కు వెళ్లి ఓడింది. ఐదేళ్లు, ఐదు ఫైనళ్లు, ఐదు ఓటములు. మా ఇంట్లో ఇలాంటిది జరిగితే శాంతి చేయించేవాళ్లం. కొడుకు 2014లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టులో సాధన చేసే బృందంలో చేరాడు. అసలు మ్యాచుల్లో దిగింది లేదు, వారమంతా మైదానంలో ఎదుటి జట్టు పాత్ర వేసి మనవాళ్లకు సాధన చేయించడమే పని. ఆ జట్టు 2015 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచింది. తండ్రి ఐదుసార్లు తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చిన ఇంట్లోకి కొడుకు పెరటి దారిన వెళ్లిపోయాడు!

ఆ తర్వాత జట్టు వెంట జట్టు తిరిగాడు. 2020 నవంబరులో డాలస్ కౌబాయ్స్ తరఫున, అప్పటికి ఓటమి ఎరుగని పిట్స్‌బర్గ్ మీద తొలిసారి ఆట మొదటి నుంచే క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. 24-19తో ఓడారు, కానీ చివరి దాకా వణికించారు. మరుసటి డిసెంబరులో వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్‌లు కోవిడ్‌తో పక్కకు వెళితే కబురు వచ్చింది. జట్టులో చేరిన నాలుగు రోజులకే మైదానంలో ఉన్నాడు. అంత తక్కువ సమయంలో ఆట వ్యూహాల పుస్తకమంతా బుర్రకెక్కించుకోవడం ఎంత కష్టమో! దీన్ని రాలిన పూత అంటారా? నా దృష్టిలో ఇది ఊరగాయ పెట్టుకున్న కాయ. బంగినపల్లి పండులా బుట్టలో కూర్చోలేదు, కానీ ఏళ్ల తరబడి పనికొచ్చింది.

[తెరపై: రెండు చెట్లు, ఒకదానికి అంటు కట్టు]

ఇక అంటు కట్టిన కొమ్మలు. మిన్నెసోటా కుర్రాడు జో మావర్‌ను యూఎస్ఏ టుడే 2000లో ఫుట్‌బాల్‌కు, 2001లో బేస్‌బాల్‌కు దేశంలో మేటి హైస్కూల్ ఆటగాడిగా ఎంచింది. ఫుట్‌బాల్ కోసం ఫ్లోరిడా స్టేట్‌కు మాట ఇచ్చినవాడు బేస్‌బాల్ వైపు వెళ్లాడు. మూడుసార్లు లీగ్ బ్యాటింగ్ టైటిల్, 2024లో హాల్ ఆఫ్ ఫేమ్. ఫుట్‌బాల్ అవార్డు జాబితా పెట్టుకుని వెతికితే ఇతను 'మాయమైపోయిన' ఆటగాడు! జాబితా చదివేవాళ్ల తెలివి అలా ఉంటుంది.

2004 గేటరేడ్ విజేత గ్రెగ్ పాలస్ డ్యూక్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు బాస్కెట్‌బాల్ ఆడాడు. చదువు అయ్యాక 2009లో తన ఊరు సిరక్యూస్ వెళ్లి, ఒక్క ఏడాది కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. ఒకే చెట్టుకు రసాలు ఓ ఏడు, బంగినపల్లి మరో ఏడు కాసినట్టు. 2019లో నయాగరా విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టుకు ప్రధాన శిక్షకుడయ్యాడు.

పూతను చూసి మరీ ఎక్కువ పాడితే ఏమవుతుందో రాన్ పౌలస్‌ను అడగాలి. పెన్సిల్వేనియాలోని బెర్విక్ నుంచి నోటర్ డేమ్‌కు వచ్చాడు. బీనో కుక్ అనే ప్రసిద్ధ వ్యాఖ్యాత ఇతను కాలేజీ ఫుట్‌బాల్‌లో మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీని కనీసం రెండుసార్లు గెలుస్తాడన్నాడు. ఒక్కసారీ గెలవలేదు. ఎన్ఎఫ్ఎల్ ఎంపికలోనూ ఎవరూ పిలవలేదు. తర్వాత అదే నోటర్ డేమ్‌లో శిక్షకుడిగా, క్రీడా విభాగం అధికారిగా పనిచేశాడు. జోస్యం చెప్పినవాణ్ని ఎవరూ నిలదీయరు, కుర్రాడి మీదే జీవితాంతం మచ్చ.

సమయం అయిపోతోంది, పక్కనుంచి చేతులు ఊపుతున్నారు. గబగబా చెప్పేస్తాను.

హైస్కూల్ దాటి మూడేళ్లు గడవందే ఎన్ఎఫ్ఎల్‌లోకి రానివ్వరు. ఆ మూడేళ్లే మంచు కాలం. ఒహాయోలో 2001 మిస్టర్ ఫుట్‌బాల్ మారిస్ క్లారెట్ మొదటి ఏడాదే కాలేజీకి జాతీయ టైటిల్ తెచ్చాడు, ఆ నియమం మీద కోర్టుకెక్కి కింది కోర్టులో గెలిచి పై కోర్టులో ఓడాడు, 2005లో ఎన్ఎఫ్ఎల్ జట్టు డెన్వర్ తీసుకుని ఒక్క మ్యాచ్ ఆడించకుండానే పంపేసింది, 2006లో అరెస్టయి 2010 దాకా జైల్లో ఉన్నాడు. బాణం వీడియోలు అక్కడ ఆగుతాయి. తర్వాత యంగ్స్‌టౌన్‌లో మానసిక ఆరోగ్యం, వ్యసన చికిత్సల సంస్థ పెట్టాడని చెప్పవు.

అదే ఒహాయోలో 2014 విజేత జో బరో. కాలేజీలో మూడేళ్లు బెంచీ మీదే. లూసియానాకు మారాక 2019లో హైస్మన్, 2020లో ఎన్ఎఫ్ఎల్ తొలి ఎంపిక. పునాస మామిడి అన్నమాట, అందరి కాపూ అయ్యాక కాసింది. ట్రోఫీ అందుకుంటూ తన ఆథెన్స్ ప్రాంతంలో ఆకలితో బడికొచ్చే పిల్లల గురించి మాట్లాడితే, అక్కడి ఆహార నిధికి కొద్ది రోజుల్లోనే 5 లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి.

మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్న డాలస్ శివారు ఆలెన్ నుంచి కైలర్ మర్రీ కథ కూడా చెప్పాలనుకున్నాను. హైస్కూల్‌లో ఆట మొదటి నుంచే క్వార్టర్‌బ్యాక్‌గా దిగిన 42 మ్యాచుల్లో 42 గెలిచాడు, దానికి ఇంకో వీడియో కావాలి.

చివరగా రాబర్ట్ స్మిత్. 1988, 1989ల్లో వరుసగా ఒహాయో మిస్టర్ ఫుట్‌బాల్. కాలేజీలో చదువుకు అడ్డొస్తోందని ఒక ఏడాది ఆటే మానేశాడు. 2000లో ఎన్ఎఫ్ఎల్ జట్టు మిన్నెసోటా తరఫున 1,521 గజాలు పరుగెత్తి, కెరీర్‌లోనే అత్యుత్తమ ఏడాది ముగిశాక, 28 ఏళ్లకే ఇక చాలన్నాడు. ఆట బాగా సాగుతుండగానే దిగిపోయాడు. ఆయనకు ఖగోళశాస్త్రం అంటే మహా మోజు. కాయ బాగా పండాక చెట్టు దిగి టెలిస్కోపు పట్టుకుని డాబా ఎక్కినవాడి ఫోటో మీద ఆ ఎర్ర బాణాన్ని ఎటువైపు గీస్తారో, కింద వ్యాఖ్యల్లో చెప్పండి. ఉంటాను.