జెండా ముందు ముప్పై ఒక్క మాటలు

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో పొద్దున్నే బడి మొదలవగానే చాలా తరగతి గదుల్లో స్పీకర్ మోగుతుంది. పిల్లలు లేచి నిలబడి, గదిలో ఉన్న జెండా వైపు తిరిగి, కుడి చెయ్యి గుండె మీద పెట్టుకుని ప్రతిజ్ఞ చెబుతారు. ఇంగ్లీషులో లెక్కపెడితే 31 మాటలు. పావు నిమిషం పని. మన మాటల్లో దాని సారం ఇది: "అమెరికా సంయుక్త రాష్ట్రాల జెండాకూ, ఆ జెండా ఏ గణతంత్రానికి గుర్తో ఆ గణతంత్రానికీ విధేయుణ్ణై ఉంటాను. దేవుని నీడలో ఉన్న ఒకే జాతి ఇది. విడదీయరానిది. అందరికీ స్వేచ్ఛ, న్యాయం గలది."

వింటుంటే దేశం పుట్టిన నాటి నుంచీ ఉన్న మాటల్లాగే అనిపిస్తాయి. కాదు. అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది 1776లో. ఈ ప్రతిజ్ఞ అచ్చయింది 1892లో, అంటే 116 ఏళ్ల తర్వాత. ఆ తర్వాత దాని మాటలు నాలుగుసార్లు మారాయి. చెయ్యి పెట్టే తీరు మారింది. పిల్లలను బలవంతపెట్టవచ్చా లేదా అన్న ఒకే ప్రశ్నకు ఆ దేశపు సుప్రీంకోర్టు మూడేళ్ల తేడాలో రెండు రకాలుగా జవాబు చెప్పింది. జాతీయత అనేది ఎవరి రక్తంలోనూ ముందే ఉండదు. దాన్ని తయారు చేస్తారు, నేర్పుతారు, దిద్దుతారు, దాని మీద కొట్లాడతారు. అమెరికా సంస్కృతిని చదివేవారికి ఈ సంగతి ఈ 31 మాటల్లో కనిపించినంత తేటగా మరెక్కడా కనిపించదు. ఈ చదువు మన ప్రాంతానికీ పాతదే. 1964లోనే హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ వెలిసింది.

కథ ఒక పత్రికతో మొదలవుతుంది. బోస్టన్ నుంచి 'యూత్స్ కంపానియన్' అనే వారపత్రిక వచ్చేది. కొత్త చందాదారులను చేర్చినవారికి బహుమతులు పంపడానికి అందులో ఒక విభాగం ఉండేది. దాన్ని చూసే జేమ్స్ అప్హమ్‌కి ప్రతి బడి మీదా జాతీయ జెండా ఎగరాలని పట్టుదల. అప్పటికి చాలా బడుల్లో జెండా లేదు. 1888 నుంచి పత్రిక బడులకు జెండాలు అమ్మడం మొదలుపెట్టింది. పద్ధతి చాలా సులువు. అడిగిన బడికి పత్రిక 100 కార్డులు పంపుతుంది. పిల్లలు ఊళ్లో తిరిగి ఒక్కో కార్డు 10 సెంట్లకు అమ్ముతారు. చేతికి పది డాలర్లు వస్తాయి, వాటితో జెండా కొంటారు. 1892 నాటికి ఇలా సుమారు 26,000 బడులకు జెండాలు చేరాయి. ఇందులో వ్యాపారం ఎంత, దేశభక్తి ఎంత అని చాలామంది అడుగుతారు. నా ఉద్దేశంలో ఆ రెండింటినీ విడదీయలేం. పైసా పైసా కూడబెట్టి తెచ్చుకున్న జెండా కాబట్టే ఆ పిల్లలకు అది తమది అనిపించింది.

1892 అక్టోబరుకు కొలంబస్ అమెరికా తీరం చేరి 400 ఏళ్లు. ఆ సందర్భంగా దేశంలోని బడులన్నీ ఒకే రోజు ఒకే కార్యక్రమం జరపాలని పత్రిక తలపెట్టింది. అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ జూలైలో ప్రకటన చేసి అక్టోబర్ 21ని ఖరారు చేశారు. కార్యక్రమం రాసే పని ఫ్రాన్సిస్ బెల్లమీకి అప్పగించారు. ఆయన బాప్టిస్టు బోధకుడు, క్రైస్తవ సోషలిస్టు. అంతకు ముందు ఏడాదే చర్చి వదిలి పత్రికలో చేరాడు. సెప్టెంబర్ 8 సంచికలో కార్యక్రమం వరస అంతా అచ్చయింది. ముందు అధ్యక్షుడి ప్రకటన చదవాలి. తర్వాత మాజీ సైనికులు జెండా ఎగరేయాలి. ఆ తర్వాత పిల్లల జెండా వందనం. ఆపైన ప్రార్థన, పాట, ఉపన్యాసం.

ఆ వందనం ఎలా చేయాలో కూడా అచ్చులోనే ఉంది. మొదటి సంజ్ఞకు పిల్లలు చేతులు కిందికి దించి జెండాకు ఎదురుగా నిలబడాలి. రెండో సంజ్ఞకు సైనికుల్లాగా కుడి చెయ్యి నుదుటి దగ్గరికి తేవాలి, అరచెయ్యి కిందికి. అందరూ కలిసి నెమ్మదిగా మాటలు మొదలుపెట్టాలి. 'నా జెండాకు' అనగానే చెయ్యి జెండా వైపు చాచాలి, అరచెయ్యి పైకి. చివరి మాట దాకా అలాగే ఉంచి, అప్పుడు దించాలి. ఈ అరచెయ్యి సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో మళ్లీ అవసరం పడుతుంది.

ఆ ఏడాదే ఇది ఎందుకు అవసరమైంది? 1892 జనవరి 1న న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ఐలండ్ వలస కేంద్రం తెరిచారు. ఇటలీ నుంచి, పోలండ్ నుంచి, రష్యా సామ్రాజ్యంలోని యూదుల వాడల నుంచి ఓడల నిండా జనం దిగుతున్నారు. వీళ్ల పిల్లలను అమెరికన్లుగా మార్చేది బడి ఒక్కటే అని అక్కడి పెద్దలు నమ్మారు. న్యూయార్క్ బడుల్లో అప్పటికే జార్జ్ బాల్చ్ రాసిన మరో వందనం వాడుకలో ఉంది. అది 'ఒకే దేశం, ఒకే భాష, ఒకే జెండా' అని ముగుస్తుంది. బెల్లమీ మాటల్లో భాష ఊసు లేదు. 'విడదీయరాని' అన్న మాట ఉంది. అంతర్యుద్ధం ముగిసి అప్పటికి 27 ఏళ్లే. ఆ యుద్ధంలో పోరాడినవాళ్లే చాలా ఊళ్లలో ఆ రోజు జెండా తాడు లాగారు.

'సమానత్వం' అన్న మాట కూడా చేర్చాలా అని బెల్లమీ ఆలోచించి, చివరికి వదిలేశాడు. వదిలేయడానికి కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. అదే 1892 జూన్ 7న న్యూ ఆర్లియన్స్‌లో హోమర్ ప్లెసీ అనే వ్యక్తిని తెల్లవారి రైలుపెట్టెలో కూర్చున్నందుకు అరెస్టు చేశారు. ఆ కేసులోనే 1896లో సుప్రీంకోర్టు, వేరు వేరుగా ఉంచినా సమానమే అంటూ జాతి వివక్షకు చట్టబద్ధత ఇచ్చింది. 'అందరికీ స్వేచ్ఛ, న్యాయం' అని నల్లజాతి పిల్లలు తమకోసం వేరు చేసిన బడుల్లో నిలబడి చెప్పారు, దాదాపు అరవై ఏళ్ల పాటు. 'అందరికీ' అన్న ఆ ఒక్క మాటను పట్టుకునే తర్వాతి తరాలు అమెరికాను నిలదీశాయి. అందుకే ఈ ప్రతిజ్ఞను ఒట్టి లాంఛనం అని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు.

పత్రికలో రచయిత పేరు వేయలేదు. దాంతో అప్హమ్ కుటుంబానికీ బెల్లమీకీ మధ్య ఏళ్ల తరబడి వివాదం నడిచింది. 1939లో ఒక సంఘం, 1957లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ బెల్లమీ పక్షానే తేల్చాయి. ఈమధ్య కాన్సస్ రాష్ట్రపు పాత పత్రిక ఒకటి బయటపడటంతో ఆ చర్చ మళ్లీ మొదలైంది. మనకూ ఇలాంటిదే ఒకటి ఉంది. 'భారతదేశం నా మాతృభూమి, భారతీయులందరూ నా సహోదరులు' అని మనం బడిలో చెప్పిన ప్రతిజ్ఞ 1962లో తెలుగులోనే పుట్టింది. రాసింది పైడిమర్రి వెంకట సుబ్బారావు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి వారి ఊరు. అప్పుడు విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారి. తెన్నేటి విశ్వనాథం చొరవతో అది విద్యామంత్రి పి.వి.జి. రాజు చేతికి చేరింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతటా వాడుకలోకి వచ్చింది. మన పాఠ్యపుస్తకాలు ఆయన పేరు చాలాకాలం వేయలేదు. ఆ ప్రతిజ్ఞలో జెండా లేదు. సహోదరులు ఉన్నారు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఉన్నారు, ప్రజల పట్ల సేవ ఉంది. అమెరికా ప్రతిజ్ఞ పక్కన పెట్టి చదివితే రెండు దేశాలు తమను తాము ఎలా ఊహించుకున్నాయో కొంత తెలుస్తుంది.

మళ్లీ అమెరికాకు వద్దాం. 1923, 1924. నా దృష్టిలో ఈ రెండేళ్లే అసలు కీలకం.

1923 జూన్ 14న వాషింగ్టన్‌లో జాతీయ జెండా సదస్సు జరిగింది. మాజీ సైనికుల సంఘం అమెరికన్ లీజియన్, స్వాతంత్ర్య యోధుల వంశపు స్త్రీల సంఘం డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రెవల్యూషన్ వంటివి ముందుండి నడిపాయి. 'నా జెండా' అంటే వలస పిల్లవాడు మనసులో తన పుట్టిన దేశపు జెండాను తలుచుకోవచ్చు కదా అన్నది వారి అనుమానం. అందుకని 'నా జెండా' తీసేసి 'సంయుక్త రాష్ట్రాల జెండా' అని మార్చారు. అదీ చాలదని 1924లో 'అమెరికా' చేర్చారు. బెల్లమీకి ఈ మార్పు నచ్చలేదు. ఆయన మాటల్లో పిల్లవాడికీ జెండాకూ మధ్య ఉన్న చనువు దీంతో పోయింది.

ఆ అనుమానం ఒక్క ప్రతిజ్ఞలోనే లేదు. అదే 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆయన పంజాబీ సిక్కు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పటి చట్టం ప్రకారం పౌరసత్వం తెల్లవారికి, ఆఫ్రికా సంతతివారికి మాత్రమే దొరికేది. భారతీయులు సామాన్యుల దృష్టిలో తెల్లవారు కారు కాబట్టి పౌరులు కాలేరని కోర్టు చెప్పింది. అంతకు ముందే పౌరసత్వం పొందిన భారతీయుల మీద కూడా ప్రభుత్వం కేసులు వేసి రద్దు చేయించింది. 1924 మే నెలలో వలస చట్టం వచ్చి దేశాల వారీగా వాటాలు బిగించి, ఆసియా వాసులకు దాదాపుగా తలుపులు మూసింది. ఆ వెంటనే జూన్ 2న మరో చట్టం, ఆ నేల మీద అందరికంటే ముందు నుంచీ ఉన్న ఆదివాసులందరినీ పౌరులుగా గుర్తించింది. భారతీయులకు పౌరసత్వపు దారి తెరుచుకున్నది 1946లో, అదీ ఏడాదికి 100 మంది వలస వాటాతో. ప్రతిజ్ఞలో చేరిన ఆ కొన్ని మాటల వెనక ఇంత ఉంది: ఎవరు మనవాళ్లు, ఎవరు కారు, ఎవరి విధేయతను నమ్మవచ్చు.

ఇక చెయ్యి సంగతి. పైకి ఉండాల్సిన అరచెయ్యి, వందల మంది పిల్లలు ఒక్కసారిగా చాచేటప్పుడు, చాలాచోట్ల కిందికి తిరిగిపోయింది. 1930ల నాటికి ఇటలీలో, జర్మనీలో ఫాసిస్టుల వందనం అచ్చం అలాగే ఉంది. తల్లిదండ్రుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. 1942 జూన్ 22న అమెరికా పార్లమెంటు జెండా నియమావళిని ఆమోదించినప్పుడు కూడా చెయ్యి చాచడం అలాగే ఉంచింది. ఆరు నెలలకు, డిసెంబర్ 22న, చెయ్యి గుండె మీద పెట్టుకోవాలని మార్చింది.

ఈలోపు కోర్టుల్లో అసలు పోరాటం జరిగింది. దేవునికి తప్ప దేనికీ వందనం చేయకూడదన్నది యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖవారి నమ్మకం. 1935లో పెన్సిల్వేనియాలోని మైనర్స్‌విల్ బడి, ఆ శాఖకు చెందిన ఒక కుటుంబంలోని పన్నెండేళ్ల అమ్మాయినీ ఆమె పదేళ్ల తమ్ముణ్ణీ వందనం చేయనందుకు బయటికి పంపింది. 1940 జూన్ 3న సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా బడిని సమర్థించింది. తీర్పు రాసిన ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్ పన్నెండేళ్ల వయసులో వియన్నా నుంచి వలస వచ్చిన యూదుడు. జాతీయ భద్రతకు జాతీయ ఐక్యతే పునాది అన్నది ఆయన వాదన. విభేదించినది హార్లన్ స్టోన్ ఒక్కరే. తీర్పు తర్వాత కొద్ది రోజుల్లోనే దేశంలో అనేక చోట్ల ఆ మతస్థుల మీద దాడులు జరిగాయి. మెయిన్ రాష్ట్రం కెనెబంక్‌లో వాళ్ల ప్రార్థనా మందిరాన్ని తగలబెట్టారు.

వెస్ట్ వర్జీనియా ఇంకో అడుగు వేసింది. వందనం చేయని పిల్లలను పంపేయడం, అలా పంపేసిన పిల్లలు బడికి రావడం లేదని తల్లిదండ్రులకు 50 డాలర్ల వరకు జరిమానా, 30 రోజుల వరకు జైలు. ఈ కేసు కోర్టుకు వచ్చేసరికి పాత తీర్పులో ఉన్న న్యాయమూర్తులు కొందరు మనసు మార్చుకున్నారు. 1943 జూన్ 14న, అమెరికా జెండా దినం నాడే, ఆరుగురు ఒకవైపు, ముగ్గురు మరోవైపుగా కోర్టు తన తీర్పును తానే తిరగరాసింది. రాజకీయాల్లో గాని, జాతీయతలో గాని, మతంలో గాని ఏది సరైన నమ్మకమో నిర్ణయించే అధికారం చిన్న, పెద్ద ఏ అధికారికీ లేదని రాబర్ట్ జాక్సన్ అందులో రాశారు. యుద్ధం మధ్యలో ఉన్న దేశం ఆ మాట చెప్పడం మామూలు విషయం కాదు.

ఆ తీర్పు మన దేశానికీ వచ్చింది. 1985లో కేరళలో ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లలు జాతీయ గీతం వచ్చినప్పుడు లేచి నిలబడ్డారు గానీ పాడలేదు. బడి బయటికి పంపింది. 1986 ఆగస్టు 11న మన సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లినవారే. అమెరికా తీర్పులు రెండింటినీ చర్చించి, మన సంప్రదాయం సహనం నేర్పుతుందని, మన రాజ్యాంగం సహనాన్ని ఆచరిస్తుందని రాశారు.

చివరి మార్పు 1954ది. ఆ ఏడాది ఫిబ్రవరి 7న వాషింగ్టన్ చర్చిలో జార్జ్ డోకర్టీ అనే బోధకుడు, దేవుడి మాట లేకపోతే ఇదే ప్రతిజ్ఞను మాస్కో పిల్లలూ చెప్పుకోవచ్చు కదా అన్నారు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఎదురుగానే కూర్చుని ఉన్నారు. నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కేథలిక్కు సంఘం అంతకు ముందు నుంచే దీనికోసం ప్రయత్నిస్తోంది. జూన్ 14న 'దేవుని నీడలో' అన్న మాట చట్టమైంది. అంతకు నాలుగు వారాల ముందే, మే 17న, బడుల్లో జాతి వివక్ష చెల్లదని సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో చెప్పింది.

అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే సంగతి ఒకటి చెప్పాలి. ఏ వీసా మీద ఉన్న పిల్లలైనా ఈ ప్రతిజ్ఞ చెప్పవచ్చు. దానివల్ల పౌరసత్వం రాదు, ఉన్నది పోదు. ప్రభుత్వ బడిలో చెప్పకుండా మౌనంగా ఉంటానంటే 1943 తీర్పు ఆ పిల్లలకూ అండగా ఉంటుంది. టెక్సస్, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల చట్టాలు మాత్రం తల్లిదండ్రుల నుంచి రాతపూర్వక వినతి అడుగుతాయి. రెండు వాక్యాల ఉత్తరం ముందే ఇచ్చేస్తే టీచరుకూ పిల్లవాడికీ ఇబ్బంది ఉండదు. పౌరసత్వ వేడుకలో ఈ ప్రతిజ్ఞతో పాటు విధేయతా ప్రమాణం అని మరొకటి చెప్పిస్తారు. రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. చట్టం మార్చేది ఆ ప్రమాణమే. అందులో పరాయి దేశాలతో విధేయతా బంధం తెంచుకుంటున్నానని ఉంటుంది. అది ముగియగానే భారత పౌరసత్వం పోతుంది, ఇక భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు. ఆ పాస్‌పోర్టును అప్పగించి, సరెండర్ సర్టిఫికెట్ తీసుకుని, ఆపైన విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

నమస్కారం.