సిలబస్‌లో ఏ పాఠం బయటికి వెళ్ళాలి?

(కళాశాల అధ్యాపకుల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

సర్వీస్ లెర్నింగ్, అంటే బయటివాళ్ళకి పనికొచ్చే పని చేస్తూ అందులోంచే పాఠం నేర్చుకోవడం. ఆ మాట వినగానే మీలో కొందరు పక్కవాళ్ళ వైపు చూసుకున్నారు. 'సిలబస్సే పూర్తవడం లేదు, మళ్ళీ ఇదొకటా?' అని ఆ చూపుకి అర్థం. ఆ మాటతో నాకు పేచీ లేదు. ఉన్న పాఠాల మీద ఇంకో పని మోపితే అది సాగదు. అందుకే మీ సిలబస్‌లోంచి ఒకే ఒక్క పాఠాన్ని తీసి, దాన్ని తరగతి గది బయట చెప్పడం గురించి మాట్లాడతాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. నాది స్టాటిస్టిక్స్. మొదటిసారి ఉత్సాహం కొద్దీ 40 మంది విద్యార్థుల్ని ఒక వృద్ధాశ్రమానికి పంపాను, చేతికి ప్రశ్నపత్రాలిచ్చి. ఆ ప్రశ్నలు తయారుచేసుకున్నది మేమే, క్లాసులో కూర్చుని. సర్వే చేయడం వస్తుంది, పెద్దవాళ్ళతో కాసేపు మాట్లాడినట్టూ ఉంటుంది అనుకున్నాను. నివేదిక బాగానే వచ్చింది, రంగురంగుల గ్రాఫులతో. ఇవ్వడానికి వెళ్తే ఆశ్రమం చూసుకునే ఆవిడ నన్ను పక్కకి పిలిచింది. 'ఏమీ అనుకోకండి మేడమ్. మీకు పిల్లలెంతమంది, ఎన్నాళ్ళకోసారి వచ్చి చూస్తారు అని ఒక్కొక్కరినీ నలుగురైదుగురు అడిగి వెళ్ళారు. ఆ రాత్రి మావాళ్ళు చాలామంది అన్నం తినలేదు' అంది. నివేదిక తీసుకుని బీరువా పైన పెట్టింది.

సేవ చేశామనుకున్నది మేము. చూడబోతే చేసింది వాళ్ళు. మా ప్రాక్టికల్ మార్కుల కోసం వాళ్ళ దిగులంతా మాకు ఇచ్చి పంపారు.

ఈ పొరపాటు నాతో మొదలైంది కాదు. సెలవుల్లో మెక్సికో పల్లెలకు సేవకని వెళ్ళే అమెరికా విద్యార్థుల్ని, చదువుల వ్యవస్థని విమర్శించిన ఆలోచనాపరుడు ఇవాన్ ఇలిచ్ 1968లోనే నిలదీశాడు. చూడడానికి రండి, చదువుకోవడానికి రండి, సాయం చేస్తామని మాత్రం రాకండి అన్నాడు. మరీ ఘాటుగా అన్నాడని నాకూ మొదట్లో అనిపించేది, ఆ బీరువా పైన నివేదిక చూసేదాకా. ఇలిచ్ తలుపు మూసేస్తే, రాబర్ట్ సిగ్మన్ దాన్ని ఎలా తెరవాలో చెప్పాడు. సర్వీస్ లెర్నింగ్ అనే మాట 1960లలో వాడుకలోకి రావడంలో ఈయన పాత్ర ఉంది. 1979లో ఆయన మూడు సూత్రాలు రాశాడు. అందులో మొదటిది, ఏ సేవ కావాలో నిర్ణయించేది ఆ సేవ పొందేవాళ్ళే అని.

మరుసటి ఏడు అదే ఆవిడ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. 'మీకేం కావాలి?' అని అడిగాను. ఆవిడ లోపలికి వెళ్ళి మందుల రిజిస్టర్ తెచ్చి నా ముందు పెట్టింది. 'సరిపడా తెప్పిస్తూనే ఉన్నాం. అయినా ఏదో ఒక వారం అయిపోతున్నాయి' అంది. పేర్లున్న కాలమ్ కప్పేసి నకళ్ళు తీసుకున్నాం. ఎవరికి ఏ జబ్బో మా పిల్లలకి తెలియాల్సిన పని లేదు కదా.

ఒక రకం మాత్రలు వారానికి సగటున 20 ఖర్చవుతున్నాయి. కాబట్టి వారానికి 20 కొంటున్నారు. రిజిస్టర్ తిరగేస్తే ఒక వారం 9, ఇంకో వారం 34. ఒక అమ్మాయి లేచి, 'మేడమ్, సగటు కరెక్టే. కానీ ఆ 34 వారంలో జ్వరం వచ్చినవాళ్ళకి సగటుతో పనేంటి?' అంది. అంకెలు సగటుకి ఎంత అటూ ఇటూగా ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ ఫార్ములాని ఆరేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నాను. అది ఎందుకు కావాలో ఒక విద్యార్థి నోట వినడం అదే మొదటిసారి. ఎంత అదనంగా నిల్వ ఉంచుకోవాలో లెక్కగట్టి ఒక్క పేజీలో రాసిచ్చాం. గ్రాఫుల్లేవు. ఆ పేజీ ఈసారి మందుల అలమరా తలుపుకి అంటించి కనిపించింది.

మీ సబ్జెక్టులో ఆ రిజిస్టర్ ఏమిటో నాకు తెలియదు, మీరే వెతుక్కోవాలి. తెలుగో ఇంగ్లీషో చెప్పేవాళ్ళకి, ఎవరికీ అర్థంకాని ఒక దరఖాస్తు ఫారాన్ని తేలిక మాటల్లోకి మార్చడం కావచ్చు. కామర్స్ వాళ్ళకి చిన్న సంఘం పద్దుపుస్తకం. మైక్రోబయాలజీ వాళ్ళు నీటి పరీక్షలు చేస్తామంటారు, మంచిదే. కానీ నీళ్ళు బాగాలేవని తేలితే ఎవరికి చెప్పాలో, ఆ తర్వాత ఏం జరగాలో ముందే అనుకోకపోతే జనానికి మిగిలేది భయమే. కంప్యూటర్ సైన్స్ మిత్రులకి ఒక విన్నపం: సెమిస్టర్ అయ్యాక చూసుకునే దిక్కులేని వెబ్‌సైట్లు దయచేసి తయారుచేసి ఇవ్వకండి.

ఏ పాఠం బయటికి వెళ్ళాలో తేల్చుకోవడానికి నేను వేసుకునే ప్రశ్న ఒకటే. ఈ చాప్టర్‌ని గదిలోనే చెబితే విద్యార్థికి ఏం అందకుండా పోతుంది? జవాబు తట్టకపోతే ఆ చాప్టర్‌ని గదిలోనే ఉంచండి. అన్నీ బయటికి వెళ్ళక్కర్లేదు.

ఇక మార్కులు. 30 గంటలు పనిచేస్తే 10 మార్కులు అన్న పద్ధతి చాలాచోట్ల ఉంది. అది హాజరుపట్టీకి ఇంకో పేరు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జెఫ్రీ హోవర్డ్ 1993లో రాసిన సూత్రాల్లో ఇది స్పష్టంగా ఉంది, క్రెడిట్ ఇవ్వాల్సింది నేర్చుకున్నదానికి, చేసిన సేవకి కాదు అని. పరీక్షలో చదివిన గంటలకి మార్కులు వేయం కదా, ఇదీ అంతే.

నేర్చుకున్నారో లేదో తెలిసేదెలా? రాయించాలి, రాసినదాని మీద మాట్లాడాలి. మనం ఎక్కువగా తడబడేది ఇక్కడే. చివర్లో ఒకసారి 'మీ అనుభవం రాయండి' అంటాం. 'చాలా సంతోషంగా అనిపించింది, వృద్ధుల్ని గౌరవించాలని తెలుసుకున్నాను' అని రాస్తారు. మనం టిక్కు పెడతాం. ఆ వాక్యం ఆశ్రమానికి వెళ్ళకుండా కూడా రాయొచ్చు! నేను మూడు చిన్న ప్రశ్నలు వాడతాను: ఏం జరిగింది? దాని వల్ల ఏం తెలిసింది? ఇప్పుడేం చేయాలి? ఇవి నావి కావు, 1970ల నుంచీ చాలామంది అధ్యాపకులు వాడుతున్నవే. రెండో ప్రశ్నకి జవాబులో ఆ వారం చెప్పిన పాఠంలోని ఒక భావన కచ్చితంగా ఉండాలి. ఈ షరతు నేను చేర్చుకున్నాను. లేకపోతే కాగితం వెనక్కిస్తాను. వెళ్ళకముందు ఒకసారి, మధ్యలో రెండుసార్లు, అయ్యాక ఒకసారి రాయిస్తాను. అరపేజీ చాలు. 40 మందివీ చదవడం కష్టమే, అందుకే జట్టుకి ఒకటి చొప్పున తీసుకుంటాను. ఒక అబ్బాయి, 'నాకు అక్కడ విసుగొచ్చింది' అని రాశాడు. ఎందుకో అడిగితే, రిజిస్టర్‌లో అంకెలు కొట్టివేతలతో ఉన్నాయట. డేటాని శుభ్రం చేయడం గురించి మంచి క్లాసు ఆ విసుగులోంచే పుట్టింది.

ముందు వరుసలో ప్రిన్సిపాల్‌గార్లు కూర్చున్నారు కాబట్టి వారితో ఒక మాట. 'చేయండి, చాలా మంచిది' అనే సర్క్యులర్‌తో అధ్యాపకులు కదలరు. మొదటి సెమిస్టర్‌లో ఒక క్లాసు తగ్గించండి. బయటి సంస్థలతో మాట్లాడడానికి, విద్యార్థుల ప్రయాణం, భద్రత చూడడానికి ఒక మనిషిని పెట్టండి. లేదంటే 11 విభాగాల వాళ్ళు ఒకే ఆశ్రమం తలుపు తడతారు. మా కాలేజీలో అదే జరిగింది. పదోన్నతి ఫైల్లో ఈ పనికీ ఒక గడి ఉండాలి. సెమిస్టర్ అయిపోయినా ఆ సంస్థ అవసరం అయిపోదు, కాబట్టి వచ్చే బ్యాచ్‌కి పని అప్పగించే బాధ్యత అధ్యాపకుడి ఒక్కడి మీదే వదలకండి.

ఉపన్యాసం ఇక్కడితో ఆపుతాను. టీకి ఇంకా 40 నిమిషాలుంది. మీ సిలబస్ కాపీలు తెచ్చుకోమన్నాం కదా, బయటికి తీయండి. పక్క విభాగం వాళ్ళెవరితోనైనా జతకట్టి కూర్చోండి. ఒకరి సిలబస్ ఇంకొకరు చదివి, బయటికి వెళ్ళదగ్గ పాఠం ఒక్కటి పెన్సిల్‌తో గుర్తుపెట్టండి. పెన్నుతో వద్దు, ఆ సంస్థవాళ్ళని అడిగాక అది మారొచ్చు.